నిలబెట్టిన మీటరు

ఔలులో నవంబరు మూడో వారం.
మూడు కొట్టకముందే పొద్దు దుకాణం కట్టేస్తుంది.
సాంకేతిక కళాశాల నేలమాళిగలో
గోడలకీ పైకప్పుకీ బల్లలకీ మసినలుపు పూత.
ఐదు రోజుల శిక్షణకి తొమ్మిదిమందిమి.

ఆపరేషన్ గదుల దీపాలు చేసే హిల్లా,
చేపల రేవు నుంచి వచ్చిన ఇంగ్మార్,
మ్యూజియంలో పాత పటాల మీద
వెలుతురుని చుక్కల లెక్కన పోసే సానెల్మా,
కయానీ పురపాలకం వీధిదీపాల విభాగం నుంచి నేను.
ఎందుకొచ్చారని అడిగితే
తలా ఒక కారణం చెప్పారు.
నేను మాత్రం "ఆఫీసు పంపింది" అన్నాను.

మాకు పాఠం చెప్పే రౌహా లెపిస్తో
డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి,
ముప్ఫై ఏళ్ళు కార్ల హెడ్‌లైట్లకి అద్దాలు వంచింది.
ఆవగింజంత ఎల్‌ఈడీని అరచేతిలో పెట్టుకుని
"చోటు తగ్గిస్తే కోణం పెరుగుతుంది,
కోణం తగ్గిస్తే చోటు పెరుగుతుంది.
ఏ కటకం తెచ్చినా ఇంతే.
పిండికొద్దీ రొట్టె" అంది.

కంప్యూటర్లో పది లక్షల కిరణాలు వదిలాం.
తెరంతా ఎర్రదారాల చిక్కు.
ఇంగ్మార్ గీసిన కటకంలోంచి సగం
నేరుగా ఆకాశంలోకి పోయాయి.
"మీ రేవులో చేపలు ఎగురుతాయా?"
నల్లగదిలో ఎవరెవరు నవ్వారో కనపడలేదు.

హిల్లా తన దీపం గురించి చెప్పింది:
నీడని నేను చంపలేదు,
అరవై ముక్కలు చేసి
ఎవరికీ బరువు తెలియకుండా పంచిపెట్టాను.
ఆ రాత్రి హాస్టల్లో చాలాసేపు
ఆ మాటే నా పక్కమీద దొర్లింది.

నాలుగో రోజు పాత డిజైన్లు తీయమంది.
నాది ఆసుపత్రి మలుపు దగ్గర రోడ్డు దాటే చోటు.
నేల మీద తెల్లటేపుతో పట్టీలు అతికించి
సరిగ్గా వాటి నెత్తిన దీపం వేలాడదీశాం.
మీటరుని వెల్లకిలా పడుకోబెట్టాం.
నలభై రెండు.
నిబంధన అడిగినదానికంటే ఎక్కువే.

లెపిస్తో లేచింది.
తన ముదురు రంగు కోటు విప్పి
కొయ్యస్టాండుకి తగిలించి పట్టీల మధ్య నిలబెట్టింది.
మీటరుని గుండె ఎత్తులో పట్టి
బండి వచ్చే వైపుకి తిప్పింది.
మూడు.

టోపీ అంచు వెలుగుతోంది. కింద మనిషి లేడు.
"దీపం కింద చీకటి అంటే
మీరు సామెత అనుకుంటున్నారు" అంది.
"అది జ్యామితి."

కిందటి ఫిబ్రవరి, సాయంత్రం ఆరు.
లెంపీ హూస్కొనెన్, ఎనభై ఒక్క ఏళ్ళు,
తోపుడు స్లెడ్జి మీద రొట్టెల సంచీ.
"రోడ్డంతా కనిపించింది, ఆమె తప్ప"
అన్నాడు ఆ కుర్రాడు పోలీసులతో.
విచారణలో నా కాగితం మీద
"సరిపోయింది" అని ముద్ర పడింది.
ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు.
అందుకే ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

"స్తంభం జరుపు" అంది లెపిస్తో, నన్నే.
ఆమెకి తెలుసా? అడగలేదు.
బండి వచ్చే వైపుకి మూడు మీటర్లు నెట్టాను.
చక్రాలు కిర్రుమన్నాయి.
కోటు మీద మొదట ఒక గుండీ,
తర్వాత జేబు మడత,
భుజం మీద నూగు, అతుకేసిన మోచెయ్యి.
ముప్ఫై ఒకటి.
అదే దీపం. అవే వాట్లు.

ఐదో రోజు సర్టిఫికెట్లూ కాఫీ.
లెపిస్తో ఆ కోటే తొడుక్కుని
మంచులో బస్టాపు దాకా నడిచి వెళ్ళింది.

సోమవారం ఆఫీసులో
స్తంభం మార్పిడి దరఖాస్తు తీశాను.
"కారణం" అన్నచోట బొటనవేలంత గడి.
కోణాలు రాశాను, కొట్టేశాను.
లక్సులు రాశాను, కొట్టేశాను.
మిగిలిన మూలలో, ఇరుకుగా,
"కోటు కనపడాలి."